గోడమీది పెట్టె

మా హాల్లో టీవీకి పైన, గోడకి ఒక తెల్ల పెట్టె ఉండేది. ఆరేళ్ళ కింద ఫైబర్ కనెక్షన్ ఇచ్చినప్పుడు కంపెనీ కుర్రాడు బిగించి వెళ్ళాడు. వారానికోసారి కుర్చీ ఎక్కి దానిమీద దుమ్ము తుడిచేది నేను. నెలనెలా బిల్లు కట్టేదీ నేనే. కనెక్షన్ మాత్రం అన్నయ్య పేరు మీద ఉంది. నాన్న పోయిన ఏడాది, అమ్మకి తోచడం లేదని బెంగళూరు నుంచి వచ్చి పెట్టించింది అతను కాబట్టి ఫోన్ నంబరూ అతనిదే ఇచ్చాడు. అందులో మాకెవరికీ వింత కనిపించలేదు. గ్యాసు బండ నాన్న పేరు మీద, కరెంటు మీటరు తాతయ్య పేరు మీద నడుస్తున్న ఇల్లు మాది.

ఒకరోజు అన్నయ్య ఫోన్ చేసి మాటల మధ్యలో "రాత్రి రెండింటిదాకా ఏం చేస్తున్నావే, ఆరోగ్యం పాడుచేసుకుంటావు" అన్నాడు. ఒక సెమినార్ పత్రం పూర్తి చేస్తున్నానని చెప్పాను. ఆ మాటలో నాకు ముందు ప్రేమే వినిపించింది. ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు, నేను మేలుకుని ఉన్నట్టు బెంగళూరులో అతనికెలా తెలిసిందని. తిరిగి అడిగితే నవ్వేసి చెప్పాడు. కంపెనీ యాప్ అతని ఫోన్లో ఉంది. ఇంట్లో ఏ ఫోను, ఏ లాప్‌టాప్ ఎన్నింటికి నెట్‌కి కలిసిందీ, ఎంత వాడిందీ అందులో కనిపిస్తుంది. అన్నయ్య ఏమీ దాచలేదు. దాచాల్సిన విషయమని అతనికి అనిపించనే లేదు.

దాన్ని మార్పించాలని కంపెనీకి ఫోన్ చేశాను. రిజిస్టరైన నంబరుకి ఓటీపీ వస్తుంది, చెప్పండి మేడమ్ అన్నారు. పెట్టె కింద అంటించిన చీటీలో ఉన్న పేరూ పాస్‌వర్డూ కొట్టి నేనే లోపలికి వెళ్ళి చూశాను. వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, ఈ రెండే నాకు మార్చడానికి వీలున్నవి. మిగతా తలుపులన్నిటికీ కంపెనీ తాళాలున్నాయి. ఇలాంటి పెట్టెల్లోకి కంపెనీ దూరం నుంచే వచ్చి సెట్టింగులు మార్చి పోగలదని కూడా అప్పుడే తెలిసింది. మన ఇంట్లో, మన గోడమీద ఉండి, మన కరెంటుతో నడిచే వస్తువు. దానికి మనం ఎవరం? ఈ ప్రశ్నతోనే నేను రౌటర్ల లోకంలోకి వెళ్ళాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేసిన మనిషికి చిప్పుల పేర్లతో ఏం పని అని నా స్నేహితురాలు వెక్కిరించింది. వ్రాతప్రతుల పాఠభేదాలు చూసే కళ్ళకి ఇది మరీ కొత్త పనేమీ కాదని కొద్దిరోజుల్లోనే అర్థమైంది.

రౌటర్ అంటే ఒక చిన్న కంప్యూటరే. దాని పొట్టలో ఇమిడి ఉండి దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీ వేసిచ్చిన ఫర్మ్‌వేర్ తీసేసి, అందరికీ తెరిచి ఉన్న మరో ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చు. వాటిలో ప్రధానమైనది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. లింక్‌సిస్ అనే కంపెనీ 2002 చివర్లో డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం నలుపు రౌటర్ని అమ్మకానికి పెట్టింది. దానిలో నడుస్తున్నది లినక్స్ అని 2003లో కొందరు ప్రోగ్రామర్లు కనిపెట్టారు. లినక్స్ జీపీఎల్ అనే లైసెన్సు కింద వస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ ఇంకొకరి చేతికి ఇచ్చినప్పుడు దాని మూలపాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ని కూడా ఇచ్చి తీరాలి. లింక్‌సిస్ ఇవ్వలేదు. ఆ సంవత్సరమే లింక్‌సిస్‌ని కొన్న సిస్కో మీద ఒత్తిడి పెరిగింది. చివరికి కోడ్ బయటపెట్టారు. దానిమీద ఆధారపడి 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. అంతటితో సిస్కో దారికి రాలేదు. 2008 డిసెంబరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కోర్టుకెక్కితే 2009లో రాజీ కుదిరింది.

ఇది చదువుతున్నంతసేపూ నాకు బెంగుళూరు నాగరత్నమ్మ గుర్తొస్తూ ఉంది. ముద్దుపళని రాధికా సాంత్వనానికి అచ్చులో ఉన్న ప్రతిలో కొన్ని పద్యాలు లేవని, కవయిత్రి తన గురించి చెప్పుకున్న భాగమే లేదని ఆమె వ్రాతప్రతి సంపాదించాక తెలుసుకుంది. తీసేసిన సంగతి చదివేవాళ్ళకి తెలియదు. చేతిలో ఉన్నదే మొత్తం అనుకుంటారు. ఆమె పూర్తి పాఠాన్ని 1910లో అచ్చు వేయించింది. 1911లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రధానిగా ఉన్న కాలానికి గానీ ఆ నిషేధం తొలగలేదు. ఒక యంత్రాన్నీ ఒక శృంగార కావ్యాన్నీ పక్కపక్కన పెట్టడం కొందరికి అతిగా తోచవచ్చు. మూలపాఠాన్ని ఎవరు చూడవచ్చో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్న రెండు చోట్లా ఉంది కాబట్టి నేను పెడుతున్నాను.

ఇక కొనడం. సికిందరాబాద్ సీటీసీలో అంగడి తర్వాత అంగడి తిరిగాను. "సార్‌కి ఏ మోడల్ కావాలి మేడమ్?" అన్నది దాదాపు ప్రతి చోటా మొదటి ప్రశ్న. నా ప్రశ్న వేరు. లోపల ఏ చిప్పుంది? ఇది అడిగితే మొహాలు చూసుకున్నారు. వేగం చెప్తారు, యాంటెన్నాలు లెక్కపెట్టి చూపిస్తారు. వైఫై 6, వైఫై 7 అన్న తరాల అంకెలు పెట్టె మీద బొప్పాయంత అక్షరాలతో ఉంటాయి. చిప్పు పేరు మాత్రం ఎక్కడా ఉండదు. బ్రాడ్‌కామ్ చిప్పు ఉంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో దాని వైఫై సరిగా పనిచెయ్యదు. చిప్పుని నడిపించే డ్రైవర్ని ఆ కంపెనీ మూసి ఉంచుతుంది. మీడియాటెక్ చిప్పులకి తెరిచి ఉన్న డ్రైవర్ బాగుంది. అందుకే వైఫై 6 తరంలో తెరిచిన ఫర్మ్‌వేర్ వేసుకునేవాళ్ళు ఎక్కువగా మీడియాటెక్ ఫిలాజిక్ రకం చిప్పుల వైపు వెళ్తున్నారు. ఇంకా కొత్తదైన వైఫై 7 తీసుకుంటే, తెరిచిన ఫర్మ్‌వేర్ దాన్ని పూర్తిగా అందుకునేదాకా ఆగాల్సి రావచ్చు. స్వేచ్ఛ కావాలంటే ఒక తరం వెనక నిలబడాలన్నమాట. ఈ ఏర్పాటు మనకి కొత్త కాదు.

తర్వాత జ్ఞాపకశక్తి. ఎనిమిది మెగాబైట్ల ఫ్లాష్, అరవైనాలుగు మెగాబైట్ల ర్యామ్ ఉంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎలాగో నడుస్తుంది. అంతకు తక్కువున్న పాత పెట్టెలకి 2021లో వచ్చిన 21.02 వెర్షన్ నుంచి చోటు లేదు. నేను 256 మెగాబైట్ల ర్యామ్ ఉన్నదాన్ని చూసుకున్నాను.

అసలు చిక్కు వెర్షన్లతో. ఒకే పేరు, ఒకే అట్టపెట్టె, ఒకే బొమ్మ. అడుగున చీటీమీద వెర్షన్ 1 అని ఉంటే ఒక చిప్పు, వెర్షన్ 2 అని ఉంటే ఇంకో చిప్పు. డబ్ల్యూఆర్‌టీ54జీకీ ఇదే జరిగింది. 2005లో ఐదో వెర్షన్‌లో లినక్స్ తీసేసి వీఎక్స్‌వర్క్స్ అనే మూసిన వ్యవస్థ పెట్టారు, జ్ఞాపకం సగానికి కోశారు. బయట పేరు మారలేదు. లినక్స్ కావాలన్నవాళ్ళకి ఎల్ అనే అక్షరం చేర్చి డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ అని వేరే అమ్మారు. అంగట్లో నేను చీటీ చూపించమంటే "సీలు తీస్తే కొనాల్సిందే మేడమ్" అన్నాడతను. పరిష్కృత ప్రతి కొనేముందు పీఠిక చదవనివ్వని పుస్తకాల షాపులాగా. నాలుగో షాపులో అట్టపెట్టె పక్కనే వెర్షన్ ముద్రించిన ఒకటి దొరికింది. దాని పేరు ఇక్కడ రాయను. ఈ వ్యాసం అచ్చయ్యేలోపు అదే పేరుతో వేరే చిప్పు రాదని హామీ లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ళే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీతో కలిసి తయారుచేయించిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అనే రౌటర్ 2024 చివర్లో వచ్చింది. వైఫై 6, ఒక గిగాబైట్ ర్యామ్, అప్పటి ధర 89 డాలర్లు. ఏ పొరపాటు చేసినా మళ్ళీ లేవగలిగేలా లోపల విడిగా ఒక రికవరీ భాగం ఉంచారు. మనసంతా దానిమీదే ఉంది గానీ రవాణా, కస్టమ్స్ కలుపుకుంటే నా అంచనా దాటిపోయింది.

సింథియా కాక్‌బర్న్, సుసాన్ ఆర్మ్‌రాడ్ కలిసి 1993లో మైక్రోవేవ్ ఓవెన్ మీద ఒక పుస్తకం రాశారు. బ్రిటన్ షాపుల్లో ఆ ఓవెన్ మొదట టీవీలు, స్టీరియోల సరసన మగవాళ్ళకి అమ్మే వింత యంత్రంగా ఉండి, తర్వాత ఫ్రిజ్‌లు, కుక్కర్ల వైపు జరిగిందని, ఆ జరగడంతో దాని విలువా మారిందని చూపించారు. రౌటర్ అలా జరగలేదు. రేయింబవళ్ళు నడిచే గృహోపకరణమే అయినా ఇంకా టీవీ పక్కనే ఉంది. దుమ్ము మాత్రం మనం తుడుస్తాం.

పాత పెట్టెని కేవలం దారి ఇచ్చే బ్రిడ్జ్‌గా మార్చమని కంపెనీని అడగడానికి మళ్ళీ ఓటీపీ కావలసి వచ్చింది. అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఎందుకు, బాగానే ఉందిగా?" అన్నాడు. నా గదిలోకి సిగ్నల్ అందడం లేదని చెప్పాను. అబద్ధం. పదేళ్ళుగా స్త్రీల ఆత్మకథల్లో మౌనాల గురించి రాస్తున్న నేను "నువ్వు నన్ను చూడటం నాకు ఇష్టం లేదు" అనే వాక్యం మా అన్నయ్యతో అనలేకపోయాను. అతను ఆరు అంకెలూ చదివి చెప్పాడు, మెల్లగా, అమ్మకి మందుల పేర్లు చెప్పినట్టు.

ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు నాలుగైదు నిమిషాలు దీపం మిణుకుమిణుకుమంటుంది. ఆ మధ్యలో కరెంటు పోతే పెట్టె ఎందుకూ పనికిరాకుండా పోవచ్చు. ఈ పని చేసేవాళ్ళ భాషలో దాన్ని ఇటుకైపోవడం అంటారు. ఇన్వర్టర్‌కి కలిపి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అమ్మ గుమ్మంలోంచి చూసి "ఏదైనా పూజా?" అంది. దీపం నిలకడ అయ్యాక కేబుల్‌తో కలిపి లోపలికి వెళ్తే వైఫై ఆపి ఉంది, పాస్‌వర్డ్ ఖాళీగా ఉంది. ఇంకా పెట్టలేదు, పెట్టుకోమని పైన హెచ్చరిక. ఆ ఖాళీని చూస్తూ కాసేపు ఏమీ కొట్టకుండా ఉండిపోయాను. ఇక్కడితో ఆపితే ఇది విజయగాథ అయ్యేది.

మా అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ దగ్గరని మా దగ్గరే ఉంటోంది. కొత్త పెట్టె పెట్టిన వారానికి అమ్మ టాబ్లెట్‌లో భజనలు మధ్యమధ్యలో ఆగుతున్నాయని, ఎక్కడ ఆగుతుందో చూద్దామని సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టాను. అడిగిన ప్రతి సైటు పేరూ నమోదు చెయ్యి అని దాని అర్థం. సైట్లలో ఏం చదివారో, ఏం రాశారో ఇందులో కనపడదు. ఈ రోజుల్లో చాలావరకు అదంతా తాళం వేసే వెళ్తుంది. ఏ పరికరం, ఏ సైటు, ఏ సమయం, ఇంతే. అమ్మ టాబ్లెట్ గొడవ పది నిమిషాల్లో తేలింది. టిక్కు తియ్యలేదు. మర్చిపోయానని రాయవచ్చు. మర్చిపోలేదు. వరసగా నాలుగు రాత్రులు చూశాను.

అండాశయాల్లో నీటితిత్తుల గురించి చెప్పే సైట్లు రెండు మూడు, రాత్రి ఒంటిగంటప్పుడు, ఆ పిల్ల ఫోన్ నుంచి. మర్నాడు ఇడ్లీ వడ్డిస్తూ ఎంతో మామూలుగా "ఒకసారి గైనకాలజిస్ట్‌కి చూపిద్దామా, నాకూ చెకప్ ఉంది, ఇద్దరం వెళ్దాం" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ పిల్ల ఇడ్లీ తుంచడం ఆపి గోడవైపు చూసింది. తర్వాత నా వైపు.

"మావయ్య అయితే అరుస్తాడు. నువ్వు హాస్పిటల్‌కి తీసుకెళ్తానంటావు. అంతేగా పిన్నీ?"

అంతేనా? మా అమ్మాయి ఆరోగ్యం కోసమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అన్నయ్య కూడా నా ఆరోగ్యం అనే అన్నాడు. అతనికీ నాకూ మధ్య ఉన్న తేడాలన్నీ రాసుకుంటూ వెళ్తే చాలానే వస్తాయి. నేను స్త్రీని, ఆ అనుభవం నాకు ఉంది, నేను తిట్టను, తీర్పు చెప్పను. చూసే మనిషి ఎంత మంచిదో చెప్పే మాటలే అన్నీ. చూడబడుతున్న పిల్లకి వీటిలో ఒక్కటీ ఉపయోగపడదు. తను అడిగి, చదివి, భయపడి, తనంతట తాను నా దగ్గరికి వచ్చే వీలు ఆ పిల్లకి ఉండేది. లేదా రాకుండా ఉండే వీలు. ఆ వీలుని నేను ఇడ్లీలతో పాటు వడ్డించేశాను.

మన తెలుగులో దీనికి గోప్యత అంటాం. ఆ మాటలోనే దాచడం ఉంది. అనగానే ఎదుటివాళ్ళు దాచడానికేముంది అంటారు. ఏకాంతం అన్నది నాకు మెరుగ్గా తోస్తుంది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి సరిత కేసులో, కాపురానికి వెళ్ళమని కోర్టు భార్యని ఆదేశించడం ఆమె ఆంతరంగిక జీవితం మీద దాడి అన్నారు, హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ చెల్లదన్నారు. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనని కాదంది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకాంతం ప్రాథమిక హక్కేనన్నారు. ఇంటి గుట్టు పేరుతో పితృస్వామ్యం తనని తాను కాపాడుకుంటుందన్న స్త్రీవాదుల అభ్యంతరాన్ని అందులోని ప్రధాన అభిప్రాయం చర్చించింది కూడా. ఏకాంతం ఇంటిదా, ఇంట్లో ఒక్కొక్కరిదా అన్నదే అసలు తగువు. నేను రౌటర్ కొన్నప్పుడు నా ఇంటి ఏకాంతాన్ని కాపాడుతున్నాననుకున్నాను. కాపాడాను కూడా, అన్నయ్య నుంచి. కంపెనీకి కనపడేది కంపెనీకి కనపడుతూనే ఉంది, అది వేరే సంగతి. పెట్టెకి ఇటువైపు ఉన్నవాళ్ళ గురించి నేను ఆలోచించనే లేదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం చెప్పే స్వేచ్ఛలు నాలుగు. నడుపుకునే, చదివి మార్చుకునే, పంచే, మార్చినదాన్ని పంచే స్వేచ్ఛలు. నాలుగూ వాడేవాడివి. ఆ వాడేవాడు ఒంటరిగా ఒక గదిలో తన యంత్రంతో ఉంటాడని ఊహ. అతని యంత్రం మీద ఆధారపడి ఇంకో ముగ్గురు ఉంటారన్నది ఆ లెక్కలోకి రాలేదు. యూరోపియన్ యూనియన్ నిధులతో జరిగి 2006లో వెలువడిన ఫ్లాస్‌పోల్స్ అధ్యయనం ఆనాటి ఈ సమూహాల్లో స్త్రీలు నూటికి ఒకటిన్నర మంది అని, మూసిన సాఫ్ట్‌వేర్ రంగంలో ఇరవై ఎనిమిది మంది అని చెప్పింది. ఉద్యమ పితామహుడు రిచర్డ్ స్టాల్‌మన్ ఎప్‌స్టీన్ వ్యవహారం సందర్భంగా రాసిన మాటలకి విమర్శలు రేగి 2019లో పదవులు వదులుకున్నాడు, 2021లో ఫౌండేషన్ బోర్డులోకి తిరిగి వచ్చాడు. ఇవన్నీ తెలిసే నేను ఆ ఫర్మ్‌వేర్ వాడుతున్నాను. కంపెనీ పెట్టె కంటే ఇదే నయమని ఇప్పటికీ అంటాను. ఎందుకంటే ఆ గడిలో టిక్కు ఉందని నాకు కనపడింది. కంపెనీ పెట్టెలో ఎన్ని గడులున్నాయో, ఏ టిక్కులు ఎవరు పెట్టారో నాకు తెలిసే దారే లేదు. కనపడటం వల్లనే నా తప్పు నాది అయింది.

ఆ సాయంత్రం టిక్కు తీసి, ఉన్న చిట్టా చెరిపేసి, ఆ పిల్లకి చూపించాను. "మళ్ళీ పెట్టలేవా?" అంది. పెట్టగలను. దానికి ఫర్మ్‌వేర్‌లో జవాబు లేదు. పాస్‌వర్డ్ చెప్తాను, నువ్వే ఎప్పటికప్పుడు చూసుకో అన్నాను. "అప్పుడు నీవి నాకు కనపడతాయి కదా, నాకెందుకు?" అంది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు తన ఫోన్లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఎక్కడుందో తనే వెతికి పెట్టుకుంది. అది పెడితే సైటు పేరు అడగడం కూడా తాళం వేసే వెళ్తుంది. ఆ చిట్టా మళ్ళీ తెరిచినా ఆ ఫోన్ వెళ్ళే చోట్ల పేర్లు అందులోకి రావు. ఈ సంగతి నాకు చెప్పి మరీ చేసింది. బాగా చేశావన్నాను. కడుపులో చిన్నగా ఏదో కలుక్కుమంది. అన్నయ్యకీ యాప్ ఖాళీ అయిన రోజు ఇలాగే అయి ఉంటుందా?

హాస్పిటల్‌కి పదిహేను రోజుల తర్వాత వెళ్ళాం. తనే అడిగింది. లోపలికి నన్ను రావద్దంది, బయట బెంచీ మీద కూర్చున్నాను.

సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. వచ్చిన రోజు రాత్రే కుర్చీ జరిపి గోడమీది పెట్టెని తిప్పి చూసి "ఇదేం మోడలే, నా యాప్‌లో ఏమీ రావట్లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పు చూస్తాను" అన్నాడు. అరిసెలు డబ్బాలో సర్దుతున్న అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. "అది నా దగ్గరే ఉంటుంది అన్నయ్యా, సిగ్నల్ అందడం లేదని అప్పుడు నీకు అబద్ధం చెప్పాను" అన్నాను. గెస్ట్ వైఫై పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇచ్చాను. అతను దాన్ని తీసుకుని, చాలాసేపు మడతపెడుతూ కూర్చున్నాడు.